మూడో నెల జీతాలు

బావ చెబుతున్నాడు, లెక్కల బాబు రాస్తున్నాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే బావ లక్షల్లో చెబుతున్నాడు, లెక్కల బాబు వాటిని వేలల్లోకి దించి రాస్తున్నాడు. పొద్దున తొమ్మిదింటి నుంచీ ఇదే తంతు.

"రాయి. మొదటి నెల, నోటుపుస్తకాల కంపెనీ నుంచి మూడు లక్షలు."

"ఎప్పుడొస్తాయి బావా?"

"ఎప్పుడేమిటి? సరుకు ఇవాళే వెళ్తోంది."

"సరుకు వెళ్ళడం గురించి కాదు, డబ్బు రావడం గురించి అడుగుతున్నా."

"సరుకు గేటు దాటిందంటే డబ్బు వచ్చినట్టే!"

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ లెక్క. పోయినసారి వాళ్ళు బిల్లు కట్టడానికి యాభై రోజులు పట్టింది. ఇది రెండో నెలలో రాస్తా."

"నీ లెక్క ఎలా ఉందో చెప్పనా బామ్మర్దీ? కొడుకు పుట్టి, పెరిగి, బడికెళ్ళి వస్తున్నా ఇంకా పేరు పెట్టనట్టుంది."

తన మాటకి తనే పెద్దగా నవ్వాడు బావ. లెక్కల బాబు నవ్వలేదు. పెన్సిలు ముల్లు విరిగితే చెక్కుకుంటూ కూర్చున్నాడు.

అది అట్టపెట్టెల కార్ఖానా. రేకుల కప్పు కింద పొడుగాటి హాలు. గేటు వైపు అట్ట షీట్లు కోసే మిషను, మడత గీతలు నొక్కే మిషను. మధ్యలో ఈ కొస నుంచి ఆ కొస దాకా జిగురు బల్ల. కోసి గీతలు నొక్కిన షీట్లు ఆ బల్ల మీదికి వస్తే, తొమ్మిదిమంది ఆడవాళ్ళు బ్రష్షులతో గంజి జిగురు రాసి, మడిచి, అంచులు అద్ది, కట్టలు కడతారు. హాలు చివర గాజు కిటికీ ఉన్న చిన్న గది ఆఫీసు. బావ ఆ కార్ఖానాకి యజమాని. లెక్కల బాబు అతని భార్యకి తమ్ముడు. ఎనిమిది నెలల కింద ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ అందరూ అతన్ని లెక్కల బాబనే పిలుస్తున్నారు. అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుందని అక్కకి కూడా గుర్తున్నట్టు లేదు.

ఈ కాగితం బ్యాంకు ఆఫీసరు అడిగిన కాగితం. మందుల కంపెనీ ఒకటి నాలుగో నెల నుంచి వారానికి ఇరవై వేల పెట్టెలు కావాలంది. చేతులతో అన్ని పెట్టెలు అంటించడం ఆ తొమ్మిదిమంది వల్ల కాదు. మడిచి, జిగురంటించి బయటికి తోసేసే మిషను కొనాలి. బావ సంగతి తెలిసిందేగా, లోను మాట తేలకముందే మిషను వాళ్ళకి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాడు. నెలాఖరులోగా మిగతా డబ్బు కట్టకపోతే అడ్వాన్సు తిరిగి రాదు, మిషను రాదు, మందుల కంపెనీ ఆర్డరూ రాదు.

ఆఫీసరు మెత్తగానే మాట్లాడాడు. "ఆరు నెలల నగదు బడ్జెట్ తెండి. ఏ నెలలో ఎంత చేతికొస్తుంది, ఎంత చేతి నుంచి పోతుంది, ఆఖరికి ఎంత మిగులుతుంది. శుక్రవారం లోపల కావాలి. అడుగు వరసలో ఏ నెలా మైనస్ ఉండకూడదు. ఉంటే ఫైలు పైకి పంపడం నా చేతుల్లో లేదు." లేచి వస్తుంటే మరో మాట అన్నాడు. "తయారుచేసినవాళ్ళ సంతకం కూడా పెట్టించండి."

ఈ రోజు బుధవారం. ఆ సంతకం మాట విన్నప్పటి నుంచీ లెక్కల బాబుకి ముద్ద దిగడం లేదు.

అతను పుట్టు పిరికివాడని బావ అంటాడు. అది సగమే నిజం. ఇంతకుముందు పదకొండేళ్ళు ఒక కుర్చీలు బల్లలు చేసే కంపెనీలో పద్దులు రాశాడు. ఆఖరి ఏడు అక్కడి యజమాని కూడా ఇలాగే బడ్జెట్ అడిగాడు. రావలసిన బాకీలు ఒక్క నెల ముందుకు జరిపి రాయమన్నాడు. ఒక్క నెలే కదా అని రాశాడు. అడుగు వరస ముచ్చటగా వచ్చింది, బ్యాంకు డబ్బిచ్చింది, ఎనిమిది నెలలకి కంపెనీ మూతబడింది. సామాన్ల గదిలో పనిచేసే ముసలాయన ఆ రోజు గేటు దగ్గర ఆపి, "నువ్వు రాసిన కాగితంలో మా జీతాలున్నాయిగా నాయనా, మరేవీ?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. అప్పటి నుంచీ లెక్కల బాబు ఏ అంకె రాసినా రెండుసార్లు తడుముకుని గానీ రాయడు.

"సరే, ఖర్చులు రాయి," అన్నాడు బావ. "అట్ట షీట్లు, కరెంటు, అద్దె, లారీ. జీతాలు నెలకి రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు. మూడు నెలలు అంతే. నాలుగో నెల నుంచి లక్షా ఇరవై."

లెక్కల బాబు పెన్సిలు ఆగింది. మిగతా లక్షా ఎనిమిది వేలు జిగురు బల్ల జీతాలు. తొమ్మిదిమంది, తలా పన్నెండు వేలు. రెండేళ్ళుగా అది పెరగలేదు కూడా.

"వాళ్ళకి చెప్పావా బావా?"

"చెబుదాంలే. మిషను రానీ. ముందే చెప్పి వాళ్ళ చేతులు పడిపోయేలా చెయ్యడం ఎందుకు? ఆఫీసరే అడిగాడుగా, మిషనొచ్చాక జీతాలు తగ్గాలి కదా అని. రాయి రాయి."

రాశాడు. రాసేటప్పుడు గాజు కిటికీ వైపు చూడలేదు.

పదకొండున్నరకి కాగితం నిండింది. మొదటి వరసలో ఆరంభ నిల్వ, అంటే ఇవాళ బీరువాలోనూ బ్యాంకులోనూ కలిపి ఉన్నది, డెబ్బై వేలు. అక్కడి నుంచి కిందికి దిగుతూ కూడికలు, తీసివేతలు. మొదటి నెల ఆఖరికి నలభై రెండు వేలు మిగిలాయి. రెండో నెల పంతొమ్మిది వేలు. మూడో నెల ఎవరూ పెద్దగా పెట్టెలు కొనని నెల. అడుగున మైనస్ యాభై అయిదు వేలు.

మళ్ళీ కూడాడు. అదే అంకె. క్యాలిక్యులేటరు పక్కనపెట్టి వేళ్ళ మీద కూడాడు. అంకెకి కనికరం లేదు, అదే వచ్చింది.

"దీనికే అంత మొహం వేలాడేశావేం?" అన్నాడు బావ కాగితం మీదికి వంగి. "మూడో నెల ఏటా అంతే. పోయినేడు మాత్రం ఏముంది? గడిచిపోలా? జీతాలు ఒక్క రోజు ఆలస్యం కాలేదు. కావాలంటే రిజిస్టరు చూసుకో, ఒకటో తారీకునే సంతకాలుంటాయి."

"ఎలా గడిచింది?"

"గడిచింది అంతే. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

బావ హాల్లోకి వెళ్ళిపోయాడు. కోత మిషను దగ్గర ఎవరితోనో జోకులేస్తున్న అతని గొంతు గదిలోకి వినిపిస్తూనే ఉంది.

పోయినేడు ఎలా గడిచిందో తెలిస్తే వచ్చే మూడో నెల ఎలా గడుస్తుందో తెలుస్తుంది. ఆ ఆశతోనే పాత బిల్లులు, బ్యాంకు కాగితాలు, జీతాల రిజిస్టరు ముందేసుకున్నాడు లెక్కల బాబు. అప్పట్లో పద్దులు రాసేవాళ్ళు లేరు. బావ జేబు పుస్తకమే పద్దు, బావ జ్ఞాపకమే లెడ్జరు. అయినా వచ్చినవీ పోయినవీ తేదీలవారీగా పేర్చుకుంటూ పోయాడు. నిరుడు అదే నెల అడుగున మైనస్ నలభై ఎనిమిది వేలు తేలింది. మరి ఆ నెలాఖరున బ్యాంకులో అక్షరాలా పన్నెండు వేలు కనిపిస్తున్నాయి. మధ్యలో అరవై వేలు తేడా.

తన తప్పే అనుకున్నాడు. కాసేపటికి అది తప్పు కాదని తేలింది. జీతాల ముందురోజు బావ బ్యాంకు నుంచి తీసింది లక్షా అరవై ఎనిమిది వేలు. మర్నాడు రిజిస్టరులో పదిహేడు మంది సంతకాలతో చెల్లినట్టు ఉన్నది రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు. ఆ అరవై వేలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? దొంగ డబ్బు పట్టుకుపోతాడు గానీ పెట్టి పోతాడా?

మరో రెండు నెలల తర్వాత కూడా అలాంటిదే ఇంకొకటి కనిపించింది. ఈసారి ముప్పై ఆరు వేలు.

బావ ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చాడు, అనుమానం లేదు. ఏ కాగితం మీదా లేని అప్పు. దానికి వడ్డీ ఎంతో, అసలు ఇంకా ఎంతుందో దేవుడికే తెలియాలి. అలాంటి అప్పు ఒకటుంటే ఈ బడ్జెట్లో ఏ అంకే నిజం కాదు. కింద సంతకం మాత్రం తనది.

మధ్యాహ్నం భోజనానికి కార్ఖానా వెనకే ఉన్న అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క వడ్డిస్తుంటే కంచంలోకి చూస్తూ అడిగాడు. "అక్కా, పోయినేడు నువ్వు బావకేమైనా డబ్బు సర్దావా? ఓ అరవై వేలు?"

అక్క గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ అతని మొహం ముందుకి చాపింది. "లెక్కపెట్టుకో. గాజులు నాలుగూ ఉన్నాయా? మెళ్ళో గొలుసు చూడు. మీ బావకి నేనిచ్చేవి సలహాలే, అవీ పుచ్చుకోడు." అంతలోనే ఆమె గొంతు మారింది. "ఎందుకడిగావురా? ఎక్కడైనా అప్పు చేశాడా?"

"లేదులే. ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది? నిజం చెప్పు. పోయినేడు జీతాల ముందు వారం రోజులు మనిషి మనిషిలా లేడు. పలకరిస్తే కసురుకునేవాడు. ఒకటో తారీకు సాయంత్రం ఈలేసుకుంటూ వచ్చాడు. ఏమైందంటే సర్దుబాటయిందన్నాడు. ఎవరు సర్దారని నేనడగలేదు. అడిగితే మళ్ళీ ఆ ఈల ఆగిపోతుందేమోనని భయమేసింది."

అక్క మజ్జిగ పోయడం మర్చిపోయింది, లెక్కల బాబు అడగడం మర్చిపోయాడు.

తిరిగి ఆఫీసుకి వచ్చేసరికి బావ కుర్చీలో వెనక్కి వాలి పళ్ళు కుట్టుకుంటున్నాడు. లెక్కల బాబు ఈసారి నీళ్ళు నమల్లేదు.

"బావా, నిరుడు జీతాలకి అరవై వేలు తక్కువ తీశావు. మిగతాది ఎవరి దగ్గర తెచ్చావు? వడ్డీ ఎంత?"

"వడ్డీయా?" బావ పకపకా నవ్వాడు. "పిచ్చివాడా, దీనికా పొద్దుటి నుంచీ చచ్చిపోతున్నావు? నేనెక్కడా అప్పు చెయ్యలేదు. మేస్త్రమ్మ సర్దింది. తుక్కు ఆవిడ చేతిమీదుగానే అమ్ముతాంగా. ఆ తుక్కువాడు ఆవిడకి అడ్వాన్సు ఇస్తాడు. డబ్బొచ్చిన నెల తిరిగి ఇచ్చేస్తాం. మా నాన్న రోజుల నుంచీ ఉన్న మనిషి, ఈ కార్ఖానా గుట్టంతా ఆవిడకి తెలుసు. వచ్చే మూడో నెల కూడా ఆవిడే సర్దుతుంది. ఆ యాభై అయిదు వేలు తుక్కు అడ్వాన్సు అని రాసెయ్, మైనస్ పోతుంది."

మేస్త్రమ్మ అంటే జిగురు బల్లకి పెద్ద. యాభై అయిదేళ్ళుంటాయి. కోతల్లో మిగిలే అట్టముక్కలు గోనెల్లో నింపించి తుక్కు కొనేవాడికి తూకం వేసి ఇచ్చేది ఆవిడే. ఒకటో తారీకున జీతాల కట్ట, రిజిస్టరు బావ చేతి నుంచి తీసుకుని పంచేది కూడా ఆవిడే. లెక్కల బాబు వచ్చాక కూడా ఆ కట్ట అతని చేతి మీదుగా పోలేదు.

"బావా, నెలకి తుక్కు నాలుగు వేలు దాటదు. ఏనుగు దాహానికి చూరునీళ్ళా? నాలుగు వేల సరుక్కి అరవై వేలు అడ్వాన్సు ఏ తుక్కువాడిస్తాడు?"

బావ నవ్వు ఆగింది. క్యాలిక్యులేటరు చేతిలోకి తీసుకుని, ఏమీ నొక్కకుండా మళ్ళీ కింద పెట్టాడు. "ఇచ్చాడుగా మరి," అన్నాడు. "లారీ వచ్చే టైమయింది, చూసొస్తా," అని లేచి వెళ్ళాడు. లారీ నాలుగింటికి గానీ రాదు. అప్పుడు రెండున్నర.

ఒక్కడే కూర్చున్నాడు లెక్కల బాబు. అరవై వేలు, ముప్పై ఆరు వేలు. తప్పుడు లెక్కలు ఇంత గుండ్రంగా రావు, చిల్లర ఉంటుంది. రెండూ దేనితో పోతాయి? పన్నెండుతో. అరవై అంటే అయిదు పన్నెళ్ళు. ముప్పై ఆరంటే మూడు పన్నెళ్ళు. పన్నెండు వేలు ఎవరి జీతమో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున తన చేత్తోనే తీసేశాడు.

లేచి, బడ్జెట్ కాగితం చేతిలో ఉండగానే జిగురు బల్ల దగ్గరికి నడిచాడు.

బల్ల మీద పని ఊపుగా సాగుతోంది. నాలుగింటి లారీకి ఇంకా నాలుగు వందల పెట్టెలు కట్టాలి. మేస్త్రమ్మ ముంజేతుల దాకా జిగురు ఎండి తెల్లగా అట్టలు కట్టి ఉంది. ఆవిడ పక్కన నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"మేస్త్రమ్మా, పోయినేడు ఆ అరవై వేలు తుక్కువాడిచ్చినవేనా?"

ఆవిడ బ్రష్షు ఆపలేదు. అతని మొహం వైపు ఒకసారి చూసి, "ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదు."

"తుక్కువాడా? వాడు తూకంలో రెండు కిలోలు కొట్టెయ్యకుండా ఉంటే అదే పదివేలు." బ్రష్షు గిన్నెలో పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, బల్ల కింద గూట్లోంచి ఒక అట్టమూత తీసింది. దాని లోపలి వైపు పెన్సిలుతో గీసిన గళ్ళున్నాయి. నిలువునా నెలలు, అడ్డంగా తొమ్మిది గుర్తులు. అక్షరాల బదులు ఒకరికి పువ్వు, ఒకరికి గొడుగు, ఒకరికి కళ్ళజోడు. గళ్ళల్లో అంకెలు, కొన్నిటి చుట్టూ సున్నాలు.

"ఇదేమిటి?"

"మా లెక్క బాబూ. ఏ నెలలో ఎవరింట్లో ఏ ఖర్చుందో. ఈ పిల్లకి కొడుకు పరీక్ష ఫీజు, ఆగడానికి లేదు. ఆవిడకి మొగుడి కంటి ఆపరేషను, ఆగడానికి లేదు. ఈవిడకి ఈ నెల అద్దె తప్ప ఏం లేదు, ఆ అద్దె నేను సర్దగలను, కాబట్టి ఆగగలదు. సున్నా చుట్టినవాళ్ళు ఆ నెల జీతం తీసుకోకుండా ఆగుతారు. డబ్బొచ్చిన నెల తీసుకుంటారు."

"మరి రిజిస్టరులో సంతకాలు?"

"సంతకం లేకపోతే మీ బావకి తెలిసిపోదూ?"

లెక్కల బాబు ఆ గళ్ళ మీదికి వంగాడు. తను పొద్దుటి నుంచీ చెమటలు కక్కుతూ చేసిన పనిని, ఈవిడ అట్టమూత మీద మూడేళ్ళుగా తప్పు లేకుండా చేస్తోంది.

"ఎందుకిలా?" అన్నాడు ఎలాగో.

"మూడేళ్ళ కింద ఒకటో తారీకు మీ బావ ఆ గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. గాజులోంచి కనిపిస్తోంది, మనిషి తల పట్టుకుని ఉన్నాడు. ఇది మూతబడితే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? ఈ తొమ్మిదిమందికీ ఒక్కచోట పని ఎవరిస్తారు? ఇదేం దానం కాదు బాబూ, మా పని మేం నిలబెట్టుకున్నాం." అతని చేతిలోని కాగితం వైపు చూసి చెయ్యి చాపింది. "అది రాబోయే నెలలదేగా? ఇటివ్వు. మూడో నెల ఎంత తక్కువొస్తుందో చూస్తే ఎవరాగాలో ఇప్పుడే అనుకుంటాం. ముందుగా తెలిస్తే మాకూ నయం."

ఇవ్వకూడదని తెలుసు. వెనక్కి లాక్కోవడానికి చెయ్యి రాలేదు. ఆవిడ కాగితాన్ని బల్ల మీద పొడిచోటు చూసి పరిచింది.

"జీతాలు ఏ వరస?"

చూపించాడు. మేస్త్రమ్మ వేలు ఆ వరస మీద మెల్లగా కదిలింది. మొదటి నెల రెండు లక్షల ఇరవై ఎనిమిది. రెండో నెల అంతే. మూడో నెల అంతే. నాలుగో నెల దగ్గర వేలు ఆగింది. ఆవిడ పెదాలు కదిలాయి, ఏదో తీసివేస్తోంది.

"ఇక్కడ తప్పు పడింది లెక్కల బాబూ," అంది నవ్వుతూ. "లక్షా ఎనిమిది వేలు తక్కువ రాశావు. మా బల్ల మొత్తాన్ని మర్చిపోయావు."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. "మేం తిండి తినమనుకున్నాడేమో," అంది ఒకామె.

అవును, మర్చిపోయాను, అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మేస్త్రమ్మ అప్పటికే అతన్ని దాటి వెనక్కి చూస్తోంది. బావ ఎప్పుడొచ్చాడో, కట్టల పక్కన నిలబడి ఉన్నాడు. నోటికి ఎన్ని అబద్ధాలు వచ్చినా, ఆ మొహానికి ఒక్కటీ దాచడం రాదు. ఆవిడ ఆ మొహాన్ని కాసేపు చూసింది. బల్ల మీద బ్రష్షులు ఒక్కొక్కటే ఆగాయి.

"తప్పు పడలేదు మేస్త్రమ్మా," అన్నాడు లెక్కల బాబు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మిషను వస్తోంది. నాలుగో నెల నుంచి బల్ల ఉండదు. పొద్దున నేనే రాశాను."

ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. మేస్త్రమ్మ కాగితం అంచున అంటిన జిగురు గోటితో గీకి, జాగ్రత్తగా మడిచి అతని చేతికిచ్చింది.

"అయితే మూడో నెల ఎవరూ ఆగరు బాబూ," అంది. "అది మాత్రం సరిగ్గా రాసుకో."

అట్టమూత గూట్లో పెట్టి బ్రష్షు అందుకుంది. "కానివ్వండమ్మా, లారీ వచ్చేస్తుంది," అని మిగతావాళ్ళతో అంది. బల్ల మళ్ళీ కదిలింది.

గదిలోకి వచ్చి తలుపేశాక కూడా బావ కూర్చోలేదు. కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"తుక్కుకి అంత రాదని నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు చివరికి. జోకులేసే గొంతు కాదది. "ఎక్కడిదని అడగలేదు. అడిగితే చెబుతుంది. చెబితే ఏదో ఒకటి చెయ్యాలి. మిషనొచ్చి, మందుల కంపెనీ డబ్బు పడితే అంతా చక్కబడుతుందనుకున్నా."

లెక్కల బాబుకి కోపం వచ్చింది, జాలీ వేసింది. ఈ మనిషిని చూసే కదా తొమ్మిదిమంది అన్నం వాయిదా వేసుకున్నారు అనిపించింది. కానీ అతని బుర్రలో ఇంకొకటి తిరుగుతోంది. అట్టమూత మీద ఈ నెల వరస. అందులో నాలుగు సున్నాలున్నాయి.

కాగితం విప్పి మొదటి వరస మీద వేలు పెట్టాడు. "బావా, ఆరంభ నిల్వ డెబ్బై వేలు అని రాశాం. అందులో నలభై ఎనిమిది వేలు మనవి కావు. ఈ నెల కూడా నలుగురు ఆగారు. మన దగ్గరున్నది ఇరవై రెండు వేలు. అక్కడి నుంచి మొదలుపెడితే మొదటి నెలే మైనస్. ఇది బ్యాంకుకి ఇచ్చే కాగితం కాదు. నేను సంతకం పెట్టను."

"అడ్వాన్సు రెండు లక్షలూ?"

"పోతాయి."

"మందుల కంపెనీ ఆర్డరు?"

"అదీ పోతుంది. మూడో నెల ఎలా గడుస్తుందో నాకూ తెలీదు. నాకు భయంగానే ఉంది బావా."

బయట నోటుపుస్తకాల కంపెనీ లారీ హారను మోగింది, ఎవరో గేటు తీశారు. తర్వాత బావ బీరువా తాళం తీశాడు. నోట్లు ఒకసారి లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగు పన్నెళ్ళు. కట్టని లెక్కల బాబు ముందుకి తోశాడు.

"నువ్వు ఇచ్చిరా."

"నేను కాదు బావా. నువ్వే ఇవ్వాలి."

బావ వెళ్ళాడు. గాజులోంచి చూస్తూ నిలబడలేక లెక్కల బాబు కూడా నాలుగడుగుల వెనక వెళ్ళాడు. లారీలోకి కట్టలు ఎక్కుతున్నాయి. మేస్త్రమ్మ బల్ల తుడుస్తోంది. బావ ఆవిడ ముందు నిలబడి, అందరికీ వినపడేలా, ఎప్పటి హుషారూ గొంతులోకి తెచ్చుకోబోయాడు.

"మిషను రావట్లేదు మేస్త్రమ్మా. వద్దని చెప్పేస్తున్నా. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇదిగో, ఈ నెల ఆగినవాళ్ళవి. నలుగురివీ."

ఆవిడ చేతులు తుడుచుకుని కట్ట అందుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతి నుంచి, అంతకుముందు ఆ తండ్రి చేతి నుంచి, ఎన్ని జీతాల కట్టలు తీసుకుందో. ఏనాడూ వాటిని విప్పి చూడకుండా అలాగే తీసుకెళ్ళి పంచేది. ఇప్పుడు రబ్బరు బ్యాండు తీసింది. బొటనవేలు నాలుకకి అద్దుకుని, బావ ఎదురుగానే, ఒక్కొక్క నోటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బావ లెక్క అయ్యేదాకా నిలబడ్డాడు. సరిపోయాయని ఆవిడ తల ఊపాకే వెనక్కి తిరిగాడు.